గోదాట్లో బాస్ లేదు, పండుగప్ప ఉంది

ప్రశ్న: అన్నగారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఉద్యోగం హైదరాబాదులో. డాలస్‌లో ఉండే మా బావకి బాస్ చేపలు పట్టడం అంటే ప్రాణం. పోయిన ఏడాది వచ్చినప్పుడు 7 అడుగుల మీడియం హెవీ రాడ్డు, బెయిట్‌కాస్టింగ్ రీలు, డబ్బా నిండా ల్యూర్లు, అంటే ప్లాస్టిక్, రబ్బరు ఉత్తుత్తి ఎరలు, నాకిచ్చి వెళ్ళాడు. సంక్రాంతికి ఇంటికెళ్ళి పండగ మూడు రోజులూ మా పంట కాలువలో వేశాను, ఏటిగట్టు మీద నుంచీ వేశాను. ఒక్క చేప ముట్టలేదు. విసిరినప్పుడల్లా దారం రీల్లోనే ఉండ కట్టేస్తోంది. నా పక్కనే వెదురు కర్రతో, వానపాము ఎరతో కూర్చున్న తాతగారు కూరకి సరిపడా జెల్లలు పట్టుకెళ్ళారు. “ఇది అమెరికా సామాను, మన నీళ్ళకి పనికిరాదు, అమ్మేయ్” అంటున్నారు మా నాన్నగారు. నిజంగా మన దగ్గర బాస్ లేదా? పిల్లలు తెప్పించి మా చెరువులో వేసుకోవచ్చా? పట్టిన చేపని వదిలేయాలని వీడియోల్లో చెబుతున్నారు, ఆ మాట అంటే మా ఇంట్లో నవ్వుతున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, రాడ్డు అమ్మకు. నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఆ సామాను మన చేపల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. అయినా మన డెల్టాలో రెండు చేపలకి అది అచ్చంగా సరిపోతుంది. ఒకటి తీపి నీళ్ళలో కొరమీను, రెండోది ఉప్పునీరు తగిలే చోట పండుగప్ప. నీకు లోటు వచ్చింది సామాను దగ్గర కాదు, వేసిన చోటు దగ్గరా, వేళ దగ్గరా.

ముందు బాస్ సంగతి చెబుతాను. మీ బావ పట్టేది లార్జ్‌మౌత్ బాస్. ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల మంచినీటి చేప. డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ లాంటి జలాశయాలు దానికి పేరుమోసినవి. గోదావరిలో గానీ మన కాలువల్లో గానీ అది లేదు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత దానికి సమానమైన చేపను పట్టాడు. మన లెక్కలో అది 10 కిలోల పైచిలుకు. బాస్ లోకంలో చరిత్రకెక్కిన ఆ బరువు పండుగప్పకి పెద్ద విశేషం కాదు. ఆస్ట్రేలియా వాళ్ళు బారముండి అని పిలుచుకుని దేశమంతా వెంటపడే చేప మన పండుగప్పే. అక్కడ చాలామంది దాన్ని పట్టేది నీ చేతిలో ఉన్నలాంటి రాడ్డుతోనే.

ఇంతకీ బాస్ సామానంటే ఏమిటి? చాటున నక్కి ఉండి, దగ్గరికొచ్చిన చిన్న చేప మీద ఒక్క ఊపున పడే చేప కోసం చేసిన సామాను. మానుల మధ్య, నాచు అంచున, రాళ్ళ పక్కన గురి చూసి విసరాలి. కొట్టగానే చేప మళ్ళీ ఆ చాటులోకి పోకుండా బలంగా లాగాలి. రాడ్డు చివర సున్నితంగా, మొదలు గట్టిగా ఉండేది అందుకే. కొరమీనూ, పండుగప్పా కూడా అలాగే నక్కి ఉండి కొట్టేవి. అలవాటు ఒకటే కనక సామానూ ఒకటే సరిపోతుంది.

మరి సంక్రాంతికి ఎందుకు తగల్లేదు? జనవరిలో దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు. పంట కాలువలు నీళ్ళతో ఉరుకుతుంటాయి. ఆ ఉరవడిలో కొరమీను ఉండదు. పక్క బోదెల్లోకి, మురుగు కాలువల్లోకి, గుర్రపుడెక్క పేరుకున్న మూలల్లోకి పోతుంది. పైగా మంచు రోజులు. నీళ్ళు చల్లబడితే కొరమీను మందగిస్తుంది, ఎర వెంట పరుగెత్తదు. ఆ కాలువలో ఉన్న శీలావతి, బొచ్చె లాంటివి నీ ప్లాస్టిక్ చేపపిల్లని వేటాడే రకాలు కావు. తాతగారికి తగిలిన జెల్లలు వాసన పట్టుకుని నేల మీద వెతుక్కుంటూ వచ్చేవి. వానపాము ముందు నీ ల్యూరు వాటికి కనపడదు కూడా. కాబట్టి ఆయనకి పడ్డాయి, నాకు పడలేదని బాధపడకు. మీరిద్దరూ పట్టబోయింది ఒకే చేపని కాదు. ఇక ఏటిగట్టు దగ్గర పోటూ పాటూ, అంటే సముద్రం నీళ్ళు ఎక్కే వేళా దిగే వేళా, చూసుకుని వేశావా అన్నది నీ ఉత్తరంలో లేదు. చూసుకోలేదనే అనుకుంటున్నాను. దాని గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు విద్య అక్కడే ఉంది.

దారం ఉండ కట్టడం బెయిట్‌కాస్టింగ్ రీలు పట్టిన ప్రతివాడికీ వచ్చే తలనొప్పే. విసిరినప్పుడు ల్యూరు గాల్లో వేగం తగ్గుతుంది, దారం చుట్టి ఉన్న స్పూలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చేద బావి నీళ్ళని తాకాక కూడా గిలక తిరుగుతుంటే తాడు వదులై మెలికలు పడుతుంది చూశావా, ఇదీ అంతే. విరుగుడు మూడు చోట్ల ఉంది. హ్యాండిల్ పక్కన చిన్న బిరడాలాంటిది ఉంటుంది, అది స్పూల్ టెన్షన్. ల్యూరు కట్టి, రాడ్డు అడ్డంగా పట్టుకుని, బటన్ నొక్కి వదులు. ల్యూరు జారిపడితే బిగించు, కదలకపోతే వదులు చెయ్యి. మెల్లగా దిగి నేల తాకగానే స్పూలు ఆగిపోవాలి. ల్యూరు మార్చినప్పుడల్లా ఇది మళ్ళీ చూసుకోవాలి, ఎందుకంటే బరువు మారుతుంది. రెండోది అవతలి పక్కనున్న బ్రేకు. మొదట్లో దాన్ని ముప్పావు వంతు దాకా పెట్టుకో, చెయ్యి తిరిగాక తగ్గించుకోవచ్చు. మూడోది నీ బొటనవేలు. ల్యూరు నీళ్ళని తాకబోయే ముందు వేలితో స్పూలుని ఆపాలి. బ్రేకులు ఎన్ని ఉన్నా వేలు ఆపాల్సింది ఆపాలి.

నేర్చుకునేటప్పుడు 10 గ్రాముల లోపు ల్యూర్లు వెయ్యకు. ఆ రీలుతో తేలిక ల్యూరు పోదు, చిక్కే మిగులుతుంది. 15 నుంచి 20 గ్రాములది కట్టు. ల్యూరుకున్న ముళ్ళు, అంటే కొక్కేలు, తీసేసి కళ్ళంలోనో, కొబ్బరితోటలో ఖాళీ ఉన్న చోటో ఒక బకెట్టు పెట్టి దానికి గురిపెట్టి విసురు. మధ్యాహ్నం నుంచి మన దగ్గర సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. గాలికి ఎదురుగా విసిరితే ఆరితేరినవాళ్ళకీ చిక్కు పడుతుంది, గాలి వీపుకి తగిలేలా నిలబడు. నెల రోజులైనా కుదరకపోతే నామోషీ పడకుండా 3000 సైజు స్పిన్నింగ్ రీలు, దానికి తగ్గ రాడ్డు కొనుక్కో. మన చేపలకి అది ఏమాత్రం తక్కువ కాదు. నా ఉద్దేశంలో తేలిక ల్యూర్లకి అదే నయం.

ఇప్పుడు కొరమీను. నీ డబ్బాలో మెత్తటి రబ్బరు కప్ప ఉండే ఉంటుంది. పొట్ట కింద రెండు ముళ్ళు, మొనలు పైకి తిరిగి కప్ప వీపుకి అతుక్కుని ఉంటాయి. బాస్ వాళ్ళు తామరాకుల మీద లాగడానికి చేసింది అది. గుర్రపుడెక్క మీదా, తూడు మీదా చిక్కుకోకుండా జారుతుంది. కొరమీను కప్పని వదలదు. వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్ళు మడుగుల్లో మిగులుతాయి, కొరమీను కూడా అక్కడే మిగులుతుంది. అది గాలి పీల్చే చేప, మధ్యమధ్యలో పైకొచ్చి ఒక గుక్క పీల్చుకుని పోతుంది. నీళ్ళ మీద చిన్న బుడగ తేలి, డెక్క ఆకు ఒకటి కదిలిన చోటు గుర్తుపెట్టుకో. దాని నెత్తి మీద వెయ్యకు. రెండు బారలు అవతల వేసి, ఆకుల మీద నుంచి మెల్లగా జరుపుకుంటూ రా. డెక్క మధ్య అరచెయ్యంత ఖాళీ నీళ్ళు కనపడితే అక్కడ ఆపు. ఆపినప్పుడే కొడుతుంది.

కొట్టినప్పుడు నీళ్ళు పేలినట్టు ఎగురుతాయి. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లాగేస్తే కప్ప ఒక్కటే ఎగిరి నీ మొహం మీదికొస్తుంది. లాగకు. రాడ్డు చివర చేప వైపు దించి, వదులు దారం చుట్టు. బరువు చేతికి తెలిశాక రెండు చేతులతో గట్టిగా ఎత్తు. ఇక్కడ సన్న దారం పనికిరాదు. 40 లేదా 50 పౌండ్ల అల్లిక దారాన్ని, అదే బ్రెయిడ్ అంటారే, నేరుగా కప్పకి కట్టు. చేప డెక్క వేళ్ళలో దూరితే దాంతోపాటు ఒక మోపు డెక్కని కూడా లాక్కురావాల్సి వస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. వానల మొదట్లో నీళ్ళ మీద ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా మెదులుతూ కనపడతాయి. ఆ గుంపు కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. దాని మీద కప్ప వేస్తే పిల్లల్ని కాపాడుకోవడానికి కచ్చితంగా కొడతాయి. అందుకే చాలామంది వేస్తారు. నువ్వు వెయ్యకు. పెద్దవి పోతే ఆ గుంపు మొత్తాన్ని కొంగలూ, మిగతా చేపలూ గంటల్లో ఊడ్చేస్తాయి. వచ్చే ఏడాదికి ఆ మడుగులో నీకే ఏమీ మిగలదు.

వాలుగ కూడా ఈ సామానుకి తగులుతుంది. నోటి నిండా సన్న పళ్ళు, వేలు పెట్టకు. దాని గురించి ఇంతకంటే చెప్పను, నీ ఊరి నుంచి పండుగప్ప అంత దగ్గర్లో ఉండగా వేరే వెతకక్కర్లేదు.

రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవు ఎంత దూరం? అవతల నరసాపురం, కిందికి వెళితే అంతర్వేది. వసిష్ఠ పాయ అంతా అక్కడ పోటు పాటుల మీదే నడుస్తుంది. వైనతేయ మీద బోడసకుర్రు, ఓడలరేవు, గౌతమి మీద ఎదుర్లంక, యానాం కూడా అంతే. పండుగప్ప పెరిగేది తీపి నీళ్ళలోనూ, ఉప్పు కలిసిన నీళ్ళలోనూ. గుడ్లు పెట్టడానికి మాత్రం ఏరు సముద్రంలో కలిసే మొగల వైపు, ఉప్పునీళ్ళలోకి పోతుంది. అందుకే పాయల్లో, మడ అడవుల కాలువల్లో, ఉప్పునీరు ఎగదన్నే డ్రెయిన్లలో దొరుకుతుంది.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కోటి ఆరు గంటల పైచిలుకు. నిన్న పోటు నిండిన వేళకి ఈరోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా నిండుతుంది. మొగ దగ్గర నిండిన వేళకీ లోపల మీ రేవు దగ్గర నిండే వేళకీ తేడా ఉంటుంది, లోపలికి వచ్చేకొద్దీ ఆలస్యం. ఫోన్లో చూసే టైము మొగదో, ఓడరేవుదో అయ్యుంటుంది. ఆ తేడా ఎంతో రేవులో పడవ నడిపేవాళ్ళని అడిగితే ఠక్కున చెబుతారు. అమావాస్యకీ, పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి నవముల్లో నీళ్ళు పెద్దగా కదలవు. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, ఆ రోజు తిథి ఏదైనా కావచ్చు. ఒక ఏడాది మంచి పోటు దొరుకుతుంది, ఇంకో ఏడాది చచ్చు నీళ్ళు. ఉగాది అలా కాదు. ఎప్పుడూ అమావాస్య మర్నాడే, ఎండ ముదిరి నీళ్ళు వేడెక్కిన చైత్రంలో. పండుగప్ప వేడి నీళ్ళలో చురుగ్గా తిరిగే చేప. కాబట్టి సెలవు పెట్టుకునేటప్పుడు ఉగాదికి పెట్టుకో.

చోటు ఎలా ఎంచుకోవాలో చెబుతాను. మురుగు కాలువ ఏట్లో కలిసే చోట తూము ఉంటుంది. పోటు వేళ ఏటి నీళ్ళు లోపలికి రాకుండా తలుపులు మూసుకుంటాయి, పాటు వేళ డ్రెయిను నీళ్ళు బయటికి పోతాయి. పోటు నిండేసరికి వెళ్ళి గట్టు మీద కూర్చో. నీళ్ళు కాసేపు ఎటూ కదలవు. డెక్క ముక్క ఒకటి ఉన్నచోటే తిరుగుతుంటుంది. అప్పుడు వెయ్యకు, ఊరికే చూడు. కాసేపటికి ఆ ముక్క సముద్రం వైపు జరగడం మొదలుపెడుతుంది. గట్టు రాళ్ళ మీద తడి చార బెత్తెడు కనపడేసరికి తూములోంచి నీళ్ళు ఉరకడం మొదలవుతుంది. వాటితోపాటు చిన్న రొయ్యలు, పరిగెలు కొట్టుకొస్తాయి. ఉరవడి నీళ్ళూ నిదానం నీళ్ళూ ఒరుసుకునే చోట నురగ గీత కడుతుంది. పండుగప్ప ఉరవడిలో నిలబడి ఒళ్ళు అలసట చేసుకోదు. గీతకి ఇవతల, సుడి తిరిగే నీళ్ళలో ఉండి, కొట్టుకొచ్చే రొయ్యని అందుకుంటుంది. నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేస్తుంది. ఆ చప్పుడు ‘డబ్’ మని వినపడుతుంది. ఒకసారి విన్నాక ఇంకే చప్పుడుతోనూ పొరబడవు.

ల్యూరుని ఆ సుడిలోకి వెయ్యకు. ఎగువన ఉరవడిలో వేసి, నీళ్ళే దాన్ని గీత దాటించి సుడిలోకి తెచ్చేలా చూడు. 3 లేదా 4 అంగుళాల రబ్బరు రొయ్యో, తోక ఆడించే రబ్బరు చేపో, 10 నుంచి 14 గ్రాముల జిగ్ హెడ్‌తో, అంటే బరువైన తల ఉన్న ముల్లుతో, కట్టు. నేల తాకనిచ్చి, రాడ్డు చివరతో చిన్నగా రెండుసార్లు ఎగరేసి, మళ్ళీ పడనివ్వు. పడేటప్పుడు దారం మీద కన్నుంచు, ఎక్కువసార్లు అప్పుడే అందుకుంటుంది. తెల్లవారుజామున, మాపటేళ అయితే నీ డబ్బాలోని జెర్క్‌బెయిట్, అదే సన్నటి చేపపిల్ల ఆకారంలో ఉండే గట్టి ల్యూరు, తియ్యి. రెండు కుదుపులు, ఒక ఆపు. ఆపు ఎంత ఎక్కువైతే అంత మంచిది. బాస్ వీడియోలు చూసినవాళ్ళు గబగబా చుట్టేస్తుంటారు. పండుగప్పకి నిలబడ్డ ఎర కావాలి. తూము లేకపోతే వంతెన స్తంభాల నీడలు, కూలిన రేవు రాళ్ళు, పాత పడవ మునిగిన చోట్లు చూసుకో. నీళ్ళు తగిలి చీలే ప్రతి అడ్డం వెనకా ఒక సుడి ఉంటుంది.

పండుగప్ప నోరు గరుకు కాగితంలా ఉంటుంది, మొప్ప రేకు అంచు బ్లేడే. బ్రెయిడ్ నేరుగా కడితే కోసుకుపోతుంది. 30 పౌండ్ల బ్రెయిడ్‌కి చివర ఒక బార 40 పౌండ్ల నైలాన్ లీడర్, అంటే ల్యూరు ముందుండే గట్టి దారం ముక్క, కట్టు. రెంటినీ కలపడానికి డబుల్ యూని ముడి చాలు, ఎఫ్‌జీ ముడి తర్వాత నేర్చుకోవచ్చు. చేప గట్టిగా లాగినప్పుడు స్పూలు జారి దారం వదిలేలా బిగించుకునే పట్టు డ్రాగ్, అది దారం బలంలో పావు వంతు ఉండాలి. 30 పౌండ్లంటే 13 కిలోల పైన కదా, అందులో పావు, మూడు మూడున్నర కిలోలు. దారం చివర స్ప్రింగ్ కాటాకి తగిలించి లాగి చూడు, కాటా ముల్లు మూడు కిలోలు దాటగానే స్పూలు జారాలి. అంచనాతో బిగించిన డ్రాగ్ మొదటి ఊపుకే ముడి తెంపేస్తుంది. చేప గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది. అప్పుడు రాడ్డు దించి కాస్త వదులివ్వు. లాగి పట్టుకుంటే ముల్లు ఊడుతుంది. గట్టుకి వచ్చాక మొప్పలో చెయ్యి పెట్టి ఎత్తకు. తడిపిన తువాలుతో కింది పెదవి పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టు.

వరద రోజుల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్ళలో, ల్యూరు చేపకి కనపడదు. అదీగాక పులస వలలతో ఏరంతా బెస్తవాళ్ళ పనిలో ఉంటుంది. అది వాళ్ళ ఏడాది సంపాదన. ఆ రోజుల్లో రాడ్డు గోడకి ఆనించి పెట్టు. మిగతా రోజుల్లో కూడా వల కట్టిన చోటికి, పడవ వచ్చే దారికి అడ్డంగా విసరకు. నీ ముల్లు ఒకటి వలకి పట్టిందంటే, దాన్ని విడదియ్యడానికి ఆ మనిషి పూట పని పోతుంది. పోటు పాటుల గురించి నేను ఇక్కడ రాసినదానికంటే నీకు ఎక్కువ నేర్పగలిగేది వాళ్ళే.

చేపని వదిలేయడం గురించి ఇంట్లో నవ్వితే నవ్వనీ. కొరమీను ఇగురు, పండుగప్ప పులుసు తినే ఇళ్ళు మనవి. ఇంటికి తెచ్చుకోవడం తప్పని నేను అనను. తినేవాటికీ వదిలేవాటికీ తేడా తెలిస్తే చాలు. పండుగప్ప పుట్టినప్పుడు మగది. కొన్నేళ్ళు పెరిగాక, నాలుగైదు కిలోలు దాటేసరికి ఆడదిగా మారుతుంది. అంటే ఏట్లో దొరికే పెద్ద పండుగప్పలన్నీ దాదాపు తల్లులే, ఒక్కొక్కటీ లక్షల్లో గుడ్లు పెట్టేవే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్ల కంటే చిన్నదీ, 120 సెంటీమీటర్ల కంటే పెద్దదీ ఇంటికి తీసుకెళ్ళకూడదని నిబంధన పెట్టుకున్నారు. నీకు నువ్వే ఒక నిబంధన పెట్టుకో. రెండు మూడు కిలోల చేప ఒకటి ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, అది ఉంచుకో. పెద్దది పడితే నీళ్ళలోనే ఉంచి ముల్లు తీసి, ఒక్క ఫోటో తీసుకుని, తల ఎదురు నీళ్ళకి పెట్టి పట్టుకో. తనంతట తాను తోక కొట్టి పోతుంది. కాలిన సిమెంటు గట్టు మీద పడేసి, పది ఫోటోలయ్యాక వదిలితే అది వదిలినట్టు కాదు. నాన్నగారికి ఈ తల్లి చేప సంగతి చెప్పు. గోదావరి జిల్లాల పెద్దలకి విత్తనం విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

బాస్ పిల్లలు తెప్పించే ఆలోచన మాత్రం ఇక్కడితో ఆపేయ్, తమ్ముడూ. జపాన్‌లో 1925లో ఒక సరస్సులో సరదాగా వదిలిన బాస్ తర్వాత దేశమంతా పాకింది. స్థానిక చేపల్ని తినేస్తోందని 2005 నుంచి దాన్ని పెంచడం, తరలించడం, కొత్త నీళ్ళలో వదలడం చట్టవిరుద్ధం చేశారు. రికార్డు చేప పడ్డ ఆ బివా సరస్సులోనే, పట్టిన బాస్‌ని తిరిగి వదలకూడదని స్థానిక నిబంధన. మన చెరువుకి గండి పడడానికి ఒక్క తుఫాను చాలు, చెరువు నీళ్ళు డ్రెయిన్లోకి, డ్రెయిను ఏట్లోకి. అక్వేరియం నుంచి బయటపడ్డ సక్కర్ చేప, మన రైతులు దెయ్యం చేప అని పిలిచేది, చెరువుల్లో ఎంత నష్టం చేస్తోందో మీ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. అటువంటి ఇంకో చేపని మన చేతులతో తెచ్చిపెట్టుకోవద్దు.

ఎక్కడ పడితే అక్కడ కూడా వెయ్యకు. ఊరి చెరువులు వేలం పాడుకున్నవాళ్ళవి, ఆక్వా చెరువులు రైతులవి, అడిగి వెయ్యాలి. యానాం అవతల కోరింగ మడ అడవి అభయారణ్యం, అక్కడ రాడ్డు బయటికి తియ్యకు.

అన్నిటికంటే నాకు భయం వేసేది కరెంటు. నీ రాడ్డు గ్రాఫైట్‌ది. గ్రాఫైట్‌లో కరెంటు బాగా పారుతుంది. మన చెరువు గట్ల మీద ఏరేటర్లకి లాగిన వైర్లు ఎంత కిందికి వేలాడుతుంటాయో నీకు తెలుసు. 7 అడుగుల రాడ్డు భుజాన నిటారుగా పెట్టుకుని గట్టు వెంట నడవకు, నేలకి సమానంగా పట్టుకుని నడువు. విసిరే ముందు తలెత్తి వెనకా పైనా చూడు. ఉరుము వినపడితే ఆ క్షణమే రాడ్డు కింద పెట్టి ఇంట్లోకి పో. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత వచ్చే వానలకి పిడుగులు ఎక్కువ. పాటు దిగాక బయటపడే బురదలోకి దిగకు, మోకాలి లోతు అనుకున్నది నడుము దాకా లాగుతుంది. అదే సమయానికి పోటు తిరుగుతుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకో, ఈత వచ్చినా సరే. మూడు కొక్కేల ముళ్ళకి మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొనల్ని పట్టకారతో నొక్కి చదును చేసుకుంటే చేపకీ మంచిది, నీ వేలికీ మంచిది. చేతిలో దిగితే పీకడానికి ఎవరినీ కంగారు పెట్టనివ్వకు, దారం కోసేసి ఆసుపత్రికి పోయి టీటీ ఇంజక్షన్ వేయించుకో.

ఉప్పునీళ్ళ దగ్గర నుంచి వచ్చిన రాత్రే రీలు కడగాలి. పొద్దున చూద్దాంలే అనుకుంటే బేరింగుల్లో ఉప్పు గట్టిపడుతుంది. డ్రాగ్ బిగించి, కుళాయి నీళ్ళు సన్నగా పోస్తూ కడుగు. పైపుతో వేగంగా కొట్టొద్దు, ఉప్పు లోపలికి పోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి, నీడన ఆరబెట్టు. వాడిన ల్యూర్లని ఒక మగ్గులో మంచినీళ్ళలో నానబెట్టి ఆరాకే డబ్బాలో పెట్టు, తడిది ఒక్కటి పెట్టినా మిగతావాటి ముళ్ళు కూడా తుప్పు పడతాయి.